వెలుగును ఆపడమే దాని పని

టీవీలో మాటలు వినిపిస్తుంటాయి, బొమ్మ మాత్రం రాదు. అలాంటి టీవీ దుకాణానికి వస్తే మెకానిక్ ముందుగా దీపం ఆర్పి, ఆ నల్లటి తెర మీదికి టార్చిలైటు ఏటవాలుగా పడతాడు. వెలుతురు పడిన మేరకు వార్తలు చదివే మనిషి ముఖం మసకమసకగా కనిపిస్తుంది. "ప్యానెల్ బాగానే ఉందండీ, బ్యాక్‌లైట్ పోయింది" అంటాడు. ఆ మాటతో ఇంటాయన ఊపిరి పీల్చుకుంటాడు. బ్యాక్‌లైట్‌కి అయ్యే ఖర్చు వేరు, ప్యానెల్‌కి అయ్యే ఖర్చు వేరు.

ఎల్‌సీడీ తెర గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఆ టార్చి పరీక్షలోనే ఉంది. బొమ్మ వేరు, వెలుగు వేరు. తెరలో ఉన్న ద్రవ స్ఫటికాలు ఒక్క కిరణాన్ని కూడా పుట్టించవు. వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ కాంతిని ఎక్కడ ఎంత ఆపాలో అంత ఆపడం, మిగిలినదాన్ని పోనివ్వడం, ఇదే వాటి ఉద్యోగం. పాత పిక్చర్ ట్యూబు పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసినది. అందులో ఎలక్ట్రాన్ల పుంజం వచ్చి తగిలిన చోటే ఫాస్ఫర్ వెలుగుతుంది, తగలని చోట చీకటి. ఎల్‌సీడీలో చీకటిని కష్టపడి తయారు చేసుకోవాలి. ఈ తెరకున్న సుగుణాలూ, లోపాలూ, ఆ లోపాలను సరిచేయడానికి అరవై ఏళ్ళుగా సాగుతున్న పరిశోధనా దాదాపు అన్నీ ఇక్కడి నుంచే పుట్టాయని నా అభిప్రాయం.

కథ మొదలైంది టీవీల కోసం కాదు. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్ నుంచి తీసిన కొలెస్టరాల్‌తో తయారైన ఒక పదార్థాన్ని వేడిచేసి చూస్తున్నాడు. పేరు కొలెస్టరిల్ బెంజోయేట్. స్వచ్ఛమైన పదార్థానికి ద్రవీభవన స్థానం ఒక్కటే ఉండాలి. దీనికి రెండు కనిపించాయి. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బు మబ్బుగా ఉన్న ద్రవమైంది. 178.5 డిగ్రీల దగ్గర ఆ మబ్బు ఒక్కసారిగా విడిపోయి తేటబడింది. ఆయన ఆ నమూనాలను ఒటో లేమన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి పంపాడు. పదార్థాన్ని వేడిచేస్తూనే ధ్రువణ కాంతిలో చూడగలిగే సూక్ష్మదర్శిని లేమన్ దగ్గర ఉంది. ఆ మబ్బు ద్రవం పారుతోంది, కానీ కాంతి విషయంలో స్ఫటికంలా ప్రవర్తిస్తోంది. మలినాలు కలిశాయేమోనని రసాయనవేత్తలు చాలాకాలం సందేహించారు. అది పదార్థానికి మరో స్థితేనని, అందులోనూ నెమాటిక్, స్మెక్టిక్, కొలెస్టరిక్ అని రకాలున్నాయని 1922లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జ్ ఫ్రీడెల్ వర్గీకరించి చెప్పాక గానీ విషయం ఒక కొలిక్కి రాలేదు.

తెరలకు పనికివచ్చేది నెమాటిక్ రకం. దాని అణువులు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. పొడవు సుమారు రెండు నానోమీటర్లు. కాలవలో కొట్టుకుపోయే గడ్డిపరకలను గుర్తు తెచ్చుకుంటే చాలు. ఏ పరకకూ స్థిరమైన చోటు లేదు, ఒకదాన్ని దాటి ఒకటి పోతుంటుంది, అయినా అన్నీ దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. చోటు లేకపోవడం ద్రవ లక్షణం, దిక్కు ఉండటం స్ఫటిక లక్షణం.

ఈ స్థితికి మూడు గుణాలున్నాయి. అణువుల పొడవు వెంబడి కంపించే కాంతికి ఒక వక్రీభవన గుణకం, అడ్డంగా కంపించే కాంతికి ఇంకొకటి. అందువల్ల ఇవి ధ్రువణ కాంతి దిశను మార్చగలవు. రెండోది, విద్యుత్ క్షేత్రం పెడితే అణువులన్నీ కలిసి దానికి తగ్గట్టు తిరుగుతాయి. రష్యన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడెరిక్స్ 1920లలోనే ఈ తిరుగుడును కొలిచి చూపాడు. మూడో గుణాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, అది లేకపోతే తెరే లేదు. గాజు మీద పాలీఇమైడ్ పూత పూసి, వెల్వెట్ లాంటి గుడ్డ చుట్టిన రోలరుతో ఒకే దిక్కుకు రుద్దితే, దాన్ని ఆనుకున్న అణువులన్నీ ఆ రుద్దిన దిక్కుకే ఒదుగుతాయి. వాటిని చూసి పై వరస, ఆ వరసను చూసి ఆపై వరస. కోట్ల రూపాయల యంత్రాలున్న కర్మాగారాల్లో గుడ్డతో రుద్దే ఈ పని దశాబ్దాల పాటు సాగింది. ఇప్పుడు చాలాచోట్ల అతినీలలోహిత కాంతితో ఆ దిక్కును ఏర్పరుస్తున్నారు.

కాంతి తన ప్రయాణ దిశకు అడ్డంగా అన్ని దిక్కులా కంపిస్తుంది. పోలరైజర్ షీటు అందులో ఒక్క దిక్కు కంపనాన్నే పోనిస్తుంది. రెండు షీట్లను ఒకే దిక్కుగా పెడితే వెలుగు దాటుతుంది. ఒకదాన్ని తొంభై డిగ్రీలు తిప్పితే ఆగిపోతుంది. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు తలను పక్కకు వంచి చూడండి. ఒక కోణం దగ్గర తెర నల్లబడుతుంది. తెర నుంచి వచ్చే కాంతి అప్పటికే ఒక దిక్కుకు కట్టుబడి ఉందనడానికి అదే రుజువు.

ద్రవ స్ఫటికాలతో బొమ్మ చూపించవచ్చన్న ఆలోచన మొదట అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ ప్రయోగశాలలో రూపు దిద్దుకుంది. 1960ల ఆరంభంలో రిచర్డ్ విలియమ్స్ ద్రవ స్ఫటికాల పొరకు వోల్టేజి ఇచ్చి చారలు ఏర్పడటం గమనించాడు. ఆయన వాడిన పదార్థం 117, 134 డిగ్రీల మధ్య మాత్రమే ద్రవ స్ఫటికంగా ఉంటుంది, అంటే మరిగే నీటికంటే వేడిగా ఉండాలి. ఆ తరవాత జార్జ్ హైల్‌మైయర్ బృందం వోల్టేజితో పొరను పాలలా తెల్లబరిచే పద్ధతి కనిపెట్టి, 1968లో పత్రికల వారిని పిలిచి చూపించింది. గోడకు తగిలించే టీవీ వచ్చేస్తోందని అందరూ రాశారు. అది రావడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ పద్ధతిలో ద్రవం గుండా కరెంటు నిజంగానే ప్రవహించాలి, అయాన్లు సుడులు తిరగాలి, దాంతో పొర త్వరగా పాడయ్యేది. ఆర్‌సీఏ ఆసక్తి తగ్గించుకుంది. జపాన్‌లో షార్ప్ కంపెనీ మాత్రం అదే పద్ధతితో 1973లో చేతిలో పట్టే కాలిక్యులేటర్‌ను బజారులో పెట్టింది.

అసలు మలుపు స్విట్జర్లండ్‌లో వచ్చింది. ఆర్‌సీఏలో పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ 1970లో బాసెల్ నగరంలో ఉన్న హాఫ్‌మన్-లా రోష్ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ మార్టిన్ షాట్‌తో కలిసి ఆ ఏడాది డిసెంబరు 4న ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. కొద్ది నెలల తేడాతో అమెరికాలో జేమ్స్ ఫెర్గసన్ కూడా దాదాపు అదే విషయం మీద పేటెంటు కోరాడు. ఆ గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. ఎవరు ముందన్న చర్చ నన్ను అంతగా ఆకర్షించదు. ఆ ఆలోచన మాత్రం ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురంగానే ఉంటుంది.

దాన్ని టీఎన్ పద్ధతి అంటారు. రెండు గాజు పలకలు, మధ్య సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే. కింది పలకను ఉత్తర దక్షిణాలుగా, పై పలకను తూర్పు పడమరలుగా రుద్దుతారు. మధ్యలోని అణువులు కింది దిక్కు నుంచి పై దిక్కుకు అంచెలంచెలుగా తొంభై డిగ్రీలు మెలితిరుగుతాయి. కింది నుంచి వచ్చిన ధ్రువణ కాంతి ఆ మెలికనే అనుసరించి తానూ తొంభై డిగ్రీలు తిరుగుతుంది. పైనున్న పోలరైజర్ అడ్డంగా ఉన్నా, కాంతి దానికి తగ్గట్టు తిరిగే వచ్చింది కాబట్టి దాటిపోతుంది. తెర తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు రెండు మూడు వోల్టులు ఇస్తే అణువులు మెలిక విప్పుకుని నిటారుగా లేస్తాయి. కాంతి తిరగదు, పై పోలరైజర్ దగ్గర ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది. వోల్టేజిని మధ్యస్థంగా ఉంచితే బూడిద రంగు. ఇందులో ద్రవం గుండా కరెంటు పారనవసరం లేదు, క్షేత్రం ఉంటే చాలు. అందుకే చేతిగడియారంలో గుండీ అంత బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వోల్టేజి ఎప్పుడూ ఒకే ధ్రువంలో ఉంటే ద్రవంలో మిగిలిపోయిన అయాన్లు ఒక పక్కకు చేరి పొరను పాడుచేస్తాయి. అందుకని ప్రతి ఫ్రేముకూ ప్లస్సునూ మైనస్సునూ తారుమారు చేస్తూ ఉంటారు. అణువులకు ఏ వైపు ప్లస్సన్నది పట్టదు, క్షేత్రం ఎంతన్నదే పడుతుంది.

ఆలోచన దొరికింది, పదార్థం లేదు. ఈ ఘట్టం ప్రజాదరణ పొందిన చాలా వ్యాసాల్లో ఒక వాక్యంతో తేలిపోతుంది. అది అన్యాయం. అప్పటికి మామూలు ఉష్ణోగ్రతలో పనిచేసే నెమాటిక్ పదార్థం ఎంబీబీఏ ఒకటి ఉంది. గాలిలో తేమ తగిలితే అది విడిపోతుంది. ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే ఏళ్ళ తరబడి ద్రవ స్ఫటికాల రసాయనశాస్త్రం మీదే పనిచేస్తున్నాడు. బ్రిటిష్ రక్షణశాఖ, కలర్ పిక్చర్ ట్యూబుల కోసం విదేశాలకు కట్టే రాయల్టీలు తగ్గించుకోవాలన్న పట్టుదలతో, ఆయనకు పరిశోధన కాంట్రాక్టు ఇచ్చింది. అణువులో రెండు బెంజీన్ వలయాలను కలిపే మధ్య లంకె దగ్గరే తేమ దెబ్బ కొడుతోందని గ్రే గ్రహించాడు. లంకెనే తీసేసి రెండు వలయాలనూ నేరుగా కలిపాడు. ఒక చివర సయనో సమూహం, ఇంకో చివర కార్బన్ల తోక. 1973లో ప్రకటించిన ఈ కుటుంబంలో అందరికీ తెలిసినది 5సీబీ. నీటికి చలించదు, వెలుగుకు చెడదు, తక్కువ వోల్టేజికే తిరుగుతుంది.

అయితే అది ద్రవ స్ఫటికంగా ఉండేది సుమారు 24 నుంచి 35 డిగ్రీల దాకానే. మన వేసవికి అది ఏ మూలకూ చాలదు. మాల్వర్న్‌లోని రాడార్ పరిశోధన సంస్థలో పీటర్ రేన్స్, గ్రే బృందంతో కలిసి, నాలుగు పదార్థాలను లెక్కప్రకారం కలిపి ఈ7 అనే మిశ్రమాన్ని తయారుచేశాడు. దాని పరిధి దాదాపు మైనస్ 10 నుంచి 60 డిగ్రీలు. గడియారాలూ కాలిక్యులేటర్లూ ప్రపంచమంతా వ్యాపించింది దీనివల్లే. ఇవాళ్టి టీవీ ప్యానెళ్ళలో పది, పదిహేను పదార్థాల మిశ్రమం ఉంటుంది, సయనో స్థానంలో ఎక్కువగా ఫ్లోరిన్ వచ్చింది. మిశ్రమం పై హద్దు దాటితే ఏమవుతుందో మండుటెండలో నిలిపిన వాహనాల మీటర్లలో అప్పుడప్పుడూ చూస్తాం. అణువులకు దిక్కు పోయి, మామూలు ద్రవంగా మారి, తెర నల్లబడుతుంది. నీడకు చేర్చి చల్లబడనిస్తే మళ్ళీ యథాప్రకారం వస్తుంది. మరీ చలిలో దీనికి భిన్నంగా ద్రవం చిక్కబడి, అంకెలు బద్ధకంగా మారుతాయి.

గడియారంలో అంకెకు ఏడు గీతలు. ఒక్కో గీతకు ఒక్కో తీగ ఇవ్వవచ్చు. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 నిలువు వరసలు, 1080 అడ్డ వరసలు కలిసి 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలు మూడు. మొత్తం 62,20,800. 4కె తెరలో అవి 2,48,83,200. అన్నిటికీ తీగలు లాగడం కుదరదు కాబట్టి అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని లాగి, అవి కలిసే చోట చుక్కను నడపాలి. చిక్కేమిటంటే ఒక చుక్కకు ఇచ్చిన వోల్టేజి కొంత పక్క చుక్కలకూ తగులుతుంది. వరసలు పెరిగే కొద్దీ వెలిగే చుక్కకూ ఆరే చుక్కకూ తేడా తగ్గిపోతుందని 1974లో ఆల్ట్, ప్లెష్కో అనే ఇద్దరు గణితంతో తేల్చి చెప్పారు. మెలికను తొంభై నుంచి రెండు వందల డిగ్రీల పైకి పెంచి ఎస్‌టీఎన్ పద్ధతితో 1980లలో కొంత దూరం లాగారు. తొలి ల్యాప్‌టాప్‌ల నీలి, పసుపు తెరలు అవే. మౌస్ బాణం కదిలితే వెనక నీడ మిగిలేది.

దీనికి శాశ్వత పరిష్కారం ఒక్కో చుక్క వెనక ఒక్కో ట్రాన్సిస్టరు పెట్టడం. 1970ల ఆరంభంలో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పీటర్ బ్రాడీ ఆ పని చేసి చూపించాడు. ఆయన వాడిన కాడ్మియం సెలినైడ్‌తో భారీగా తయారీ సాగలేదు. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో స్పియర్, లెకాంబర్ బృందం 1979లో అమార్ఫస్ సిలికాన్‌తో ట్రాన్సిస్టరు చేసింది. ఇది మంచి ట్రాన్సిస్టరు కాదు, చాలా నెమ్మది. కానీ మామూలు గాజు కరగని వేడిలోనే, ఎంత పెద్ద పలక మీదైనా సమంగా పూయవచ్చు. చుక్కకు కావలసింది వేగం కాదు, ఆరినప్పుడు ఛార్జిని కారనివ్వకపోవడం. ఆ గుణం దీనికి దండిగా ఉంది. 1988లో షార్ప్ 14 అంగుళాల రంగుల తెర చూపించేసరికి దారి తేటపడింది.

ఇప్పుడు మీ ఎదురుగా ఉన్న తెరలో జరిగేది ఇది. పై వరస ట్రాన్సిస్టర్లన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. నిలువు తీగల నుంచి ఒక్కో చుక్కకు దాని వంతు వోల్టేజి వచ్చి చిన్న కెపాసిటర్‌లో నిండుతుంది. ట్రాన్సిస్టర్లు మూసుకుంటాయి. తరవాతి వరస తెరుచుకుంటుంది. సెకనుకు 60 బొమ్మలు, బొమ్మకు 1080 వరసలు. సెకనును పది లక్షల భాగాలు చేస్తే ఒక వరసకు దక్కేది సుమారు 15 భాగాలు. ఆ కాస్త సమయంలో నిండిన ఛార్జి తన వంతు మళ్ళీ వచ్చేదాకా నిలవాలి. ఒక్కో రంగులో 256 మెట్లు, మూడు రంగులూ కలిస్తే 1,67,77,216 ఛాయలు. ఫోను తెర మీద చిన్న నీటిబొట్టు వేసి చూస్తే అది భూతద్దంలా పనిచేసి ఆ మూడు రంగుల గళ్ళను చూపిస్తుంది. తెల్లటి కాగితంలా కనిపించే చోట తెలుపు ఎక్కడా ఉండదు.

ఇక ఈ పద్ధతికి చెల్లించే మూల్యం చూద్దాం. వెనక దీపం నుంచి వంద పాళ్ళు వెలుగు బయల్దేరిందనుకుంటే, మొదటి పోలరైజర్ దగ్గరే సగానికి పైగా పోతుంది. రంగు ఫిల్టరు తనకు చెందని రెండు రంగులనూ మింగి, మిగిలినదాంట్లో మూడో వంతును వదులుతుంది. ట్రాన్సిస్టర్లు, తీగలు ఆక్రమించిన జాగా కొంత తీసుకుంటుంది. చివరకు మన కంటికి చేరేది అయిదు నుంచి ఎనిమిది పాళ్ళు, అదీ తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు. అర్ధరాత్రి ఆకాశాన్ని చూపిస్తున్నప్పుడు దీపం వెలుగుతూనే ఉంటుంది, దాని కాంతి దాదాపు అంతా లోపలే వేడిగా మారిపోతుంది. ఇంత వృథాను భరించి కూడా ఈ తెర ప్రపంచాన్ని గెలిచిందంటే, తయారీ సులువులో, మన్నికలో, ధరలో దానికున్న బలం ఎంతటిదో ఊహించవచ్చు.

దీపాన్ని మెరుగుపరచడం మీద అందుకే అంత శ్రద్ధ. మొదట్లో వెనక సన్నటి ఫ్లోరొసెంట్ గొట్టాలు ఉండేవి, వాటిలో పాదరసం. నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. ఆ నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెల్లటి దీపం తయారైంది, గొట్టాలు పోయాయి, టీవీలు పలచబడ్డాయి. షోరూముల్లో ఎల్ఈడీ టీవీ అని అమ్మేవి దాదాపు అన్నీ ఎల్ఈడీ దీపం పెట్టిన ఎల్‌సీడీ తెరలే. క్యూఎల్ఈడీ అన్నదీ అంతే, రంగులు శుద్ధిగా రావడానికి దీపం ముందు క్వాంటం డాట్ల పొర ఒకటి అదనం. కొనేవాళ్ళకు ఈ మాట అమ్మేచోటే స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోవడం వల్ల వేరే జాతి తెర అనుకుని వేలకు వేలు అదనంగా పెడుతున్నారు.

చీకటిని పూర్తిగా తయారు చేయలేకపోవడం దీని రెండో బాధ. పోలరైజర్లు ఎంత మంచివైనా, అణువులు ఎంత ఒద్దికగా ఉన్నా, కాస్త వెలుగు కారుతుంది. అందుకే చీకటి గదిలో సినిమా చూస్తుంటే నలుపు బూడిదలా కనిపిస్తుంది. తెలుపుకూ నలుపుకూ నిష్పత్తి ఐపీఎస్ అనే రకం తెరల్లో సుమారు వెయ్యికి ఒకటి, వీఏ అనే రకం తెరల్లో మూడు వేలకో, అంతకు పైనో ఒకటి (ఈ రెండు రకాల తీరు కాసేపట్లో చూద్దాం). డబ్బా మీద లక్షల్లో, కోట్లలో అచ్చువేసే డైనమిక్ నిష్పత్తులు దీపాన్నే తగ్గించి, పెంచి లెక్కగట్టినవి, వాటిని నమ్మి కొనకూడదు. దీపాన్ని వందల, వేల భాగాలుగా చేసి చీకటి ఉన్నచోట ఆ భాగాన్నే తగ్గించే మినీ ఎల్ఈడీ పద్ధతి నిజమైన మెరుగుదల. అయినా నల్లటి ఆకాశంలో తెల్లటి చంద్రుడి చుట్టూ చిన్న వెలుగు వలయం మిగులుతూనే ఉంటుంది.

మూడోది, పక్కనుంచి చూస్తే రంగులు మారడం. టీఎన్ తెరలో మధ్యస్థ ఛాయల దగ్గర అణువులన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. ఎదురుగా చూసేవాడికి వాటి వాలు ఒక రకంగా, కింది నుంచి చూసేవాడికి ఇంకో రకంగా కనిపిస్తుంది. అందుకే పాత ల్యాప్‌టాప్ మూతను వెనక్కి వంచితే ముఖాలు ఫోటో నెగెటివ్‌లా తిరగబడేవి. దీని చికిత్సలో ఒక భాగం మన దేశం నుంచి వెళ్ళింది. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్.చంద్రశేఖర్, బి.కె.సదాశివ, కె.ఎ.సురేశ్ కలిసి 1977లో ఒక చిన్న పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటిదాకా ద్రవ స్ఫటికం అంటే పుల్లల్లాంటి అణువులే. బిళ్ళల్లాంటి అణువులు కూడా, ఒకదానిమీద ఒకటి దొంతరగా చేరి, ద్రవ స్ఫటిక స్థితిని ఇస్తాయని వాళ్ళు చూపించారు. ఏ తెరనూ దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాదది. సుమారు ఇరవై ఏళ్ళ తరవాత జపాన్‌లో ఫ్యూజీ ఫిల్మ్ సంస్థ బిళ్ళ ఆకారపు అణువులతో ఒక పలచటి పొర చేసి టీఎన్ తెరలకు అతికించింది. పుల్ల కాంతిని ఒక వైపు ఎంత చెదరగొడితే, బిళ్ళ దాన్ని రెండో వైపు నుంచి అంత సరిచేస్తుంది. కోణం దోషం చాలావరకు తగ్గింది. నోబెల్ గ్రహీతల జాబితాలు కంఠస్థం చేయించే మన పాఠ్యపుస్తకాల్లో ఈ ముగ్గురికీ ఒక పేరా దక్కాలని గట్టిగా అనుకుంటాను.

కోణం దోషానికి రెండో చికిత్స అణువుల తీరునే మార్చడం. ఎలక్ట్రోడ్లు రెంటినీ ఒకే గాజు మీద పక్కపక్కన పెడితే క్షేత్రం అడ్డంగా ఏర్పడుతుంది, అణువులు నిలబడకుండా పడుకున్న చోటే పక్కకు తిరుగుతాయి. ఏ వైపు నుంచి చూసినా పెద్ద తేడా ఉండదు. ఇదే ఐపీఎస్. హిటాచి దీన్ని 1990ల మధ్యలో బజారుకు తెచ్చింది. వీఏ పద్ధతిలో అణువులు మొదటే నిటారుగా నిలిచి మంచి నలుపునిస్తాయి, వోల్టేజి ఇస్తే పక్కకు వాలుతాయి. నలుపు కావాలంటే వీఏ, కోణం కావాలంటే ఐపీఎస్. ఇంట్లో నలుగురూ నాలుగు మూలలా కూర్చుని చూస్తారా, ఒకరిద్దరు ఎదురుగా కూర్చుంటారా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

వేగం సంగతికి వస్తే, వోల్టేజి పెంచి అణువులను తొందరగా లేపవచ్చు, కానీ తీసేశాక అవి వెనక్కి ఒరగడం వాటి సొంత వేగంతోనే జరుగుతుంది. ద్రవం స్నిగ్ధత, పొర మందం దాన్ని నిర్ణయిస్తాయి. మందం సగమైతే సమయం నాలుగో వంతు. అందుకే ఆ సందును మూడు మైక్రాన్ల దాకా తగ్గించుకుంటూ వచ్చారు. అంత చేసినా క్రికెట్ బంతి వెనక తోక పూర్తిగా పోదు. బొమ్మ మారేదాకా ప్రతి చుక్కా వెలుగును పట్టి ఉంచుతుంది, మన కన్ను మాత్రం బంతి వెంట కదులుతూ ఉంటుంది, ఆ రెంటి మధ్య మసక అది. సెకనుకు 120 బొమ్మలు చూపితే అందుకే మేలు. డబ్బా మీద ఒక మిల్లీసెకను అని రాసినంత మాత్రాన కాదు.

టీవీ పాడైపోయినప్పుడు ఏది బాగుచేయవచ్చో కూడా తెర నిర్మాణమే చెబుతుంది. బ్యాక్‌లైట్ స్ట్రిప్ మార్చవచ్చు, పవర్ బోర్డు మార్చవచ్చు. నిలువు గీత పడిందంటే చాలాసార్లు ప్యానెల్ అంచున అతికించిన సన్నటి సీఓఎఫ్ రిబ్బన్ దగ్గర పట్టు వదిలి ఉంటుంది, బాండింగ్ యంత్రం ఉన్న దుకాణాల్లో దాన్ని మళ్ళీ అతికిస్తారు. గాజు పగిలిందా, ఇక ఆశ లేదు. ఆ కొన్ని మైక్రాన్ల సందు చెదిరి, గాలి చొరబడి, సిరా ఒలికినట్టు మచ్చ వ్యాపిస్తుంది. టీవీలో అత్యంత ఖరీదైన భాగం ప్యానెలే. అందుకే బ్యాక్‌లైట్ మాత్రమే పోయిన టీవీలను ప్యానెల్ పోయిందనుకుని పాత సామాన్లవాడికి ఇచ్చేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. టార్చి పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

ప్రపంచంలో ఎల్‌సీడీ టీవీల అమ్మకం పిక్చర్ ట్యూబు టీవీలను దాటింది 2007 చివర్లో. అప్పటికి జపాన్ నుంచి పెత్తనం కొరియా, తైవాన్‌లకు చేరింది. ఇప్పుడు చైనాది. అక్కడి అతిపెద్ద కర్మాగారాల్లో ఒక్కో గాజు పలక 2940 మిల్లీమీటర్ల వెడల్పు, 3370 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. శాంసంగ్ డిస్‌ప్లే 2022లో ఎల్‌సీడీ తయారీ మానేసింది. షార్ప్ జపాన్‌లోని సకాయ్ కర్మాగారంలో టీవీ ప్యానెళ్ళ తయారీని 2024లో ఆపేసింది. తిరుపతి దగ్గర టీసీఎల్ గ్రూపు ప్యానెళ్ళ కర్మాగారం పెట్టింది. అయితే అక్కడ జరిగేది ప్రధానంగా తయారై వచ్చిన గాజు సెల్‌కు డ్రైవర్ చిప్పులు, బ్యాక్‌లైట్ బిగించే పని. ఉద్యోగాలు వచ్చాయి, మంచిదే. కానీ గాజు మీద ట్రాన్సిస్టర్లు పూయడం, దిక్కు దిద్దడం, ద్రవ స్ఫటికం నింపడం, ఈ మూడూ మన దేశంలో పెద్ద ఎత్తున మొదలైతే తప్ప తెర మనదని చెప్పుకోలేం. బిళ్ళ అణువుల స్థితిని కనిపెట్టిన దేశానికి ఆ చదువు లేక కాదు, పెట్టుబడి, నీరు, నిరంతర విద్యుత్తు, గాజు, రసాయనాల సరఫరా ఒకేచోట కుదరక.

ఓఎల్ఈడీ వచ్చాక ఎల్‌సీడీ కాలం చెల్లిందన్న మాట చాలాకాలంగా వినిపిస్తోంది. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనకు తానే వెలుగుతుంది, ఆరితే పూర్తి నలుపు. ఖరీదైన ఫోన్ల నుంచి ఎల్‌సీడీని అది దాదాపు తరిమేసింది. పెద్ద టీవీల్లో ధర అడ్డం వస్తోంది, ఒకే బొమ్మ గంటల తరబడి ఉంచితే ముద్ర పడే భయమూ ఉంది. బస్టాండులో, ఆసుపత్రిలో రోజంతా ఒకే పట్టిక చూపించాల్సిన చోట ఎల్‌సీడీయే నిలుస్తుంది. వెలుగును పుట్టించకపోవడమే బలమయ్యే చోటు మరొకటుంది. కరెంటు మీటరు, కాలిక్యులేటరు, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, చౌక చేతిగడియారం. వీటిలో వెనక దీపం లేదు, ఒక అద్దం లాంటి పొర ఉంటుంది. బయటి వెలుగే లోపలికి వెళ్ళి, తిరిగి వస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే అంకె అంత స్పష్టం. కొన్ని మైక్రోవాట్లతో నడిచే ఈ పనికి, తనకు తాను వెలగాల్సిన ఏ తెరా ఇంతవరకు పోటీకి రాలేదు.